సంబంధం చూసేటప్పుడు సంపాదన చూడవచ్చా?

సకల స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ముస్లిం కుటుంబాల్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న తలెత్తుతూ ఉంటుంది. అబ్బాయి సంపాదన ఎంత, అతనికి పైకి రావాలన్న పట్టుదల ఉందా అని అడగడం తప్పా? కొందరు పెద్దలు నమాజు, నడవడి బాగుంటే చాలు, సంపాదన ఊసెత్తడం విశ్వాస బలహీనత అంటారు. మరికొందరు ఎన్ని ఎకరాలు, నెల జీతం ఎంత అన్న లెక్క తేలాకే నమాజు గురించి అడుగుతారు. మొదటి మాట విని అమ్మాయిని ఇచ్చినవారిలో కొందరు పస్తులు చూశారు. రెండో మాట పట్టుకున్నవారిలో కొందరు యోగ్యులైన అబ్బాయిలను వదులుకొని, అమ్మాయిని ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చోబెట్టారు. షరీఅత్ ఈ రెంటికీ మధ్య మార్గం చూపింది. దానిని తెలుసుకుందాం.

సంపాదన అడగడం పాపం కాదు

భార్య తిండి, బట్ట, నివాసం భర్త బాధ్యత. దీనినే నఫఖా అంటారు. పురుషునికి కుటుంబ పెద్దరికం ఇవ్వడానికి అతను తన ధనం ఖర్చు చేయడం కూడా ఒక కారణమని దివ్య ఖుర్‌ఆన్ (4:34) చెబుతోంది. కాబట్టి ఆ బాధ్యత మోయగలడా అని అమ్మాయి తరఫువారు విచారించడం వారి హక్కు.

హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) ఉదంతం సహీహ్ ముస్లింలో ఉంది. విడాకుల గడువు తీరాక ఆమెకు ముఆవియా (రజి), అబూ జహ్మ్ (రజి)ల నుంచి సంబంధాలు వచ్చాయి. ఆమె దైవప్రవక్త (స) సలహా అడిగారు. ముఆవియా పేదవాడని, ఆయన దగ్గర ధనం లేదని, అబూ జహ్మ్ భుజం మీది నుంచి కర్ర దించడని చెప్పి, ఉసామా బిన్ జైద్ (రజి)ను చేసుకోమన్నారు. ఉసామా తండ్రి ఒకప్పుడు బానిసగా ఉండి విముక్తి పొందినవారు. ఆమెకు మొదట ఇష్టం లేకపోయినా, ఒప్పుకున్నాక అల్లాహ్ ఆ వివాహంలో ఎంతో మేలు ఉంచాడని ఆమే చెప్పారు.

ఇందులో మనకు మూడు పాఠాలున్నాయి. ఒకటి, పేదరికాన్ని లెక్కలోకి తీసుకోవచ్చు. రెండు, స్వభావాన్ని దానితో సమానంగా లెక్కించాలి. చేయి చేసుకునేవాడు ఎంత ఉన్నవాడైనా తగినవాడు కాదు. మూడు, వంశం పేరు చూసి మనిషిని తక్కువ చేయరాదు. దూది ఏకడం తాతల వృత్తి అయినందుకు నూర్‌బాషా ఇళ్ళతో వియ్యానికి వెనుకాడేవారు ఈ మూడో పాఠాన్ని మరొక్కసారి చదవాలి.

ఎంత ఉంటే చాలు?

హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథమైన హిదాయాలో కుఫూ (సరిజోడు) చర్చ ఉంది. ధనం విషయంలో సరిజోడు అంటే మహర్ చెల్లించగలగడం, నఫఖా భరించగలగడం. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నఫఖా శక్తి ఉంటే చాలన్నారు. ఇక అమ్మాయి పుట్టింటివారితో సమానమైన సిరి ఉండాలా అన్న ప్రశ్నకు ఆయన అక్కర్లేదన్నారు. ధనానికి నిలకడ లేదు, అది ఉదయం వస్తుంది, సాయంత్రం పోతుంది అన్నది ఆయన చూపిన కారణం.

ఈ మాట మన నేల మీద బతికేవారికి వేరే చెప్పాలా? 1987-88లో తెల్లదోమ ఈ రెండు జిల్లాల పత్తిని ఊడ్చేస్తే అప్పులపాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటలను నాశనం చేసింది. ఆ తర్వాత క్వింటాలు 20,000 రూపాయలు దాటిన మిర్చి ధర 2025 నాటికి ఎంతగా పడిపోయిందంటే, ఆ ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 11,781 రూపాయల ధరతో మార్కెట్ జోక్యం పథకం ప్రకటించవలసి వచ్చింది. మంచి ధర పలికిన ఏడాది చూసి ఇచ్చిన సంబంధం, ధర పడిన ఏడాది చెడ్డదైపోతుందా? పేదవాడని చెప్పబడిన ముఆవియా (రజి) తరువాతి కాలంలో విశాల ఇస్లామీయ రాజ్యానికి పాలకులయ్యారు.

అన్‌నూర్ సూరాలో రెండు ఆయత్‌లు పక్కపక్కనే ఉన్నాయి. మొదటిది (24:32) అవివాహితుల పెళ్ళిళ్ళు చేయమని, వారు పేదలైతే అల్లాహ్ తన అనుగ్రహంతో సంపన్నులను చేస్తాడని అభయమిస్తుంది. రెండోది (24:33) పెళ్ళి చేసుకునే స్తోమత లేనివారు అది కలిగే వరకు శీలాన్ని కాపాడుకోవాలని ఆదేశిస్తుంది. అంటే పేదరికం పెళ్ళికి అడ్డు కాదు, అలాగని బాధ్యతను గాలికి వదిలి పెళ్ళికి తొందరపడటమూ సరికాదు.

పట్టుదల అంటే ఏమిటి?

మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినప్పుడు చేతిలో ఏమీ లేదు. ఇద్దరు స్త్రీల పశువులకు నీళ్ళు పెట్టి, నీడకు వెళ్ళి అల్లాహ్‌ను వేడుకున్నారు. వారిలో ఒకామె తండ్రితో ఆయనను పనిలో పెట్టుకోమని చెబుతూ ఆయనలో చూసిన గుణాలు రెండు: బలం, నమ్మకం. ఎనిమిదేళ్ళ సేవ షరతుతో, పదేళ్ళు చేస్తే అది ఆయన ఇష్టమని చెప్పి, ఆ తండ్రి తన కుమార్తెనిచ్చి పెళ్ళి చేస్తానన్నాడు (28:22-28). ఆయన చూసింది ఆస్తిని కాదు, ఆస్తి సంపాదించగల చేతులను, దానిని నిజాయితీగా సంపాదించే మనసును.

హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆస్తి వదిలి మదీనాకు వలస వచ్చారు. అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వబోతే ఆశీర్వదించి, వద్దని, బజారు దారి చూపమన్నారు. జున్ను, నెయ్యి వ్యాపారం చేసి కొద్దికాలంలోనే ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చి నికాహ్ చేసుకున్నారు. ఒక మేకతోనైనా వలీమా చేయమని దైవప్రవక్త (స) ఆయనతో అన్నారు.

సోదరులారా, పోల్చి చూడండి. ఆయన బజారు దారి అడిగారు. మన యువకులు కొందరు దుకాణం పెట్టుబడికో, ట్రాక్టరుకో, గల్ఫ్ వీసాకో కట్నం అడుగుతున్నారు. మామగారి ధనంతో ఎదగాలనుకోవడం పట్టుదల కాదు, పరుల సొమ్ము మీద ఆశ. 1961 నుంచి దేశ చట్టం కూడా దీనిని నేరంగా పరిగణిస్తోంది. జీతం పెరిగిన కొద్దీ కట్నం పెంచేవాడి పెద్ద జీతం అమ్మాయికి మేలు సూచన కాదు, హెచ్చరిక.

అమ్మాయి సంపాదన

ఇప్పుడు ఉపాధ్యాయురాళ్ళుగా, నర్సులుగా పనిచేసే ఆడపిల్లలు ఉన్నారు. మిరపకాయల తొడిమలు తీసి ఇల్లు నడిపే తల్లులూ ఉన్నారు. స్త్రీలు సంపాదించినదానిలో వారి భాగం వారిదని ఖుర్‌ఆన్ (4:32) చెబుతోంది. ఆమె జీతం చూసి సంబంధం కలుపుకొని, పెళ్ళయ్యాక బ్యాంకు కార్డు తీసుకోవడం అన్యాయం. ఆమె ఇష్టపూర్వకంగా ఇస్తే మహాపుణ్యం. ఇబ్నె మస్‌ఊద్ (రజి) భార్య జైనబ్ (రజి) భర్తకు ఖర్చు పెట్టడం గురించి అడిగితే, బంధుత్వానికి ఒకటి, దానానికి ఒకటి, రెండు ప్రతిఫలాలున్నాయని దైవప్రవక్త (స) తెలిపారు. కాని అది ఆమె ఔదార్యం, భర్త హక్కు కాదు.

ఏమేమి అడగాలి?

నికాహ్‌కు ముందు చాటుమాటు ఫోను సంభాషణలకు, షికార్లకు షరీఅత్‌లో చోటు లేదు. అయితే ఒకరినొకరు చూసుకోవడానికి, పెద్దల సమక్షంలో మాట్లాడుకోవడానికి అనుమతి ఉంది. సంబంధం కుదుర్చుకున్న స్త్రీని చూసుకోమని దైవప్రవక్త (స) హజ్రత్ ముగీరా (రజి)కు చెప్పారు. ఆ కూర్చునే సమయంలో ఈ సంగతులు సూటిగా అడగాలి:

1. సంపాదన హలాల్‌దేనా? వడ్డీ, మోసపు తూకం కలిసిన లక్ష కంటే శుద్ధమైన పదివేలు మేలు.
2. అప్పు ఎంత ఉంది? కోల్డ్ స్టోరేజీలో ఉన్న టిక్కీల లెక్కతో పాటు వాటి మీద తెచ్చిన అప్పు లెక్కా చెప్పాలి. కౌలు పొలాన్ని సొంత పొలంగా చూపడం, కమీషన్ వ్యాపారి దగ్గరి బాకీని దాచడం మోసం.
3. పంట పోయిన ఏడాది ఇల్లు ఎలా నడిపాడు? కూలికైనా వెళ్ళాడా, ఇతరులను నిందిస్తూ కూర్చున్నాడా?
4. మహర్ ఎప్పుడు, ఎలా చెల్లిస్తాడు?
5. అమ్మాయి చదువు, ఉద్యోగం విషయంలో ఉభయుల అభిప్రాయం ఏమిటి?

ఒక అబ్బాయికి ఆరెకరాల మిరప, దానికి మించిన అప్పు ఉన్నాయనుకుందాం. మరొకరు పత్తి జిన్నింగు మిల్లులో నెలకు 18,000 జీతానికి పనిచేస్తూ, అప్పు లేకుండా, నమాజు తప్పకుండా ఉన్నాడనుకుందాం. ఊరు మొదటివాణ్ణి ఆసామి అంటుంది. షరీఅత్ తక్కెడలో రెండోవాడే బరువు. మొదటివాడు అప్పు సంగతి దాచకుండా చెప్పి, తీర్చే దారి చూపితే అతణ్ణీ తోసిపుచ్చనక్కర్లేదు. దాచినవాడి విషయంలోనే జాగ్రత్తపడాలి.

అమ్మాయిలకు కూడా ఒక మాట. ఉన్నవాడు తన స్తోమతను బట్టి, లేనివాడు అల్లాహ్ ఇచ్చినదానిలో నుంచే ఖర్చు చేయాలని, కష్టం తర్వాత అల్లాహ్ సౌలభ్యం కలిగిస్తాడని అత్‌తలాఖ్ సూరా (65:7) చెబుతోంది. భర్త శక్తికి మించి కోరకపోవడం భార్య ధర్మం. కష్టపడటం మానకపోవడం భర్త ధర్మం. ధర్మావలంబన, సచ్ఛీలం నచ్చిన వ్యక్తి సంబంధం అడిగితే పెళ్ళి చేయమని, లేకపోతే భూమిపై కల్లోలం చెలరేగుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఇంటి తిండికి సరిపడే సంపాదన, కష్టపడే గుణం, దైవభీతి ఉన్న అబ్బాయి ఇంటికి వస్తే, ఇంకా పెద్ద జీతం కోసం అతణ్ణి తిప్పి పంపకండి.

అల్లాహ్ మన బిడ్డలకు హలాల్ సంపాదన గల, సచ్ఛీలురైన జీవిత భాగస్వాములను ప్రసాదించుగాక! మన పెళ్ళిళ్ళను కట్నం శాపం నుంచి కాపాడుగాక! ఆమీన్.