వాచీలో అంకె తగ్గితే గుండెకు ప్రమాదమా?

ప్రశ్న: బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడుపుతున్నాను. అప్పుల దిగులుతో నిద్ర లేదు. వాచీలో హెచ్‌ఆర్‌వీ 40 నుంచి 24కు పడిపోయింది. ప్రమాదమా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ అంకె ఒక్కటే చూసి భయపడకండి. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా అచ్చం సమంగా కొట్టుకోదు. స్పందనల మధ్య వ్యవధి మిల్లీసెకన్లలో మారుతుంటుంది. ఆ మార్పే హెచ్‌ఆర్‌వీ. ఒత్తిడిలో, గుండె వేగాన్ని నెమ్మదింపజేసే వేగస్ నరం ప్రభావం సన్నగిల్లి అది తగ్గుతుంది. నిద్రలేమి, మద్యం, జ్వరం, ఎండలో నీళ్లు చాలకపోవడం వల్లా తగ్గవచ్చు. అందుకే ఇతరులతో పోల్చుకోక మీ వారం సగటునే గమనించండి. రోజూ కాసేపు నిమిషానికి ఆరుసార్ల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. అప్పుల సంగతి ఇంట్లో దాచకండి, ఒంటరిగా మోయకండి. ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. దిగులు తట్టుకోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. సేవ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.