అమ్మ ఆఫీసులో ఏం చేస్తుంది?

ఉదయం గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకుని “ఆఫీసుకెందుకు?” అని నాలుగేళ్ల పిల్ల అడిగితే, చాలామంది చెప్పే జవాబు ఒకటే: “డబ్బులు రావాలి కదమ్మా, లేకపోతే నీకు బొమ్మలెలా కొంటాం?” అది అబద్ధం కాదు. కానీ “నాకు బొమ్మలొద్దు, నువ్వు వెళ్లొద్దు” అని మర్నాడు ఆ పిల్ల అంటే తప్పు పట్టడానికేమీ లేదు. మనం చెప్పిన లెక్క ప్రకారమే మాట్లాడుతోంది. అందుకే జీతాన్నీ హోదానూ పక్కనపెట్టి, మన పని ఎవరి ఏ అవసరం తీరుస్తోందో పిల్లలకు చెప్పాలి.

చీరాలలోనో పోచంపల్లిలోనో ఇంట్లో మగ్గం ఉంటే ఇలా విడమరిచి చెప్పాల్సిన అవసరమే రాదు. నూలు కండెలు చుట్టడం, పోగు తెగితే అతకడం, చీర మడతపెట్టి పంపడం పిల్లల కళ్లముందే జరుగుతాయి. లాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మ పనిలో పిల్లకు కనిపించేది ఆమె వీపు మాత్రమే. రెండు నుంచి ఏడేళ్ల వయసులో పిల్లల ఆలోచన కళ్లకు కనిపించేదాన్నే పట్టుకుని సాగుతుందని పిల్లల మనస్తత్వవేత్త పియాజే ఏనాడో చెప్పాడు. ‘ప్రాజెక్టు’, ‘క్లయింట్’ అంటే వాళ్ల మనసులో ఏ బొమ్మా కట్టదు. “ఊరెళ్లడానికి ఫోన్‌లో టికెట్ తీస్తాం కదా, డబ్బులు కట్టాక టికెట్ రాకపోతే? అలా కాకుండా ముందే చూసుకోవడం నా పని” అని సాఫ్ట్‌వేర్ టెస్టరైన తల్లి చెబితే పిల్లకు బస్టాండు కనిపిస్తుంది, సీటు దొరకని తాతయ్య కనిపిస్తాడు.

ఇంత చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు, మన బరువు వాళ్ల మీద పెట్టడం కాదా అని కొందరి సందేహం. కానీ ఆ బరువు వాళ్లకు ఇప్పటికే తెలుస్తోంది. అమెరికాలో పరిశోధకురాలు ఎలెన్ గలిన్‌స్కీ మూడు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే వెయ్యిమందికి పైగా పిల్లలను అడిగి 1999లో ‘ఆస్క్ ద చిల్డ్రన్’ అనే పుస్తకం ప్రచురించారు. పిల్లలు తమతో ఇంకాస్త సమయం కోరుకుంటారని 56 శాతం తల్లిదండ్రులు ఊహించారు. తల్లి విషయంలో ఆ కోరిక కోరినవాళ్లు 10 శాతమే. అమ్మకు ఒత్తిడీ అలసటా తగ్గాలని కోరినవాళ్లు 34 శాతం. వాళ్లు కాస్త పెద్దపిల్లలే, నిజమే. కానీ అలసిన మొహాన్ని గుర్తుపట్టడానికి బడికెళ్లే వయసు రానక్కర్లేదు. పైగా చిన్నపిల్లలు కారణం తెలియకపోతే తప్పు తమదేననుకుంటారు. “ఈ రోజు పని ఎక్కువైంది, అలసిపోయాను, నీ మీద కోపం కాదు” అనే మాటతో వాళ్ల మీద ఉన్న బరువు దిగుతుంది. నర్సులూ పోలీసులూ రక్తం సంగతులు వర్ణించనక్కర్లేదు. ఎవరికి సాయం చేశారో చెబితే చాలు.

చెప్పుకోవడానికి మాదేం గొప్ప ఉద్యోగమని వెనకాడేవాళ్లున్నారు. నిజానికి చెత్తబండి నడిపే తండ్రి పని పిల్లలకు అందరి పనికన్నా తేలిగ్గా అర్థమవుతుంది: రెండు రోజులు బండి రాకపోతే వీధి ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు. ఆ తండ్రిని సంకోచపెట్టేది “చదువుకోకపోతే చెత్త ఊడ్చుకోవాలి” అని మిగతా ఇళ్లలో పిల్లలను బెదిరించే మాట. ఆ మాట మానేయాల్సింది మనమే.

రేపు ఉదయం గుమ్మం దగ్గర ఆ ప్రశ్న మళ్లీ వస్తుంది. చెప్పులు వేసుకుంటూ కాకుండా, రెండు నిమిషాలు పిల్ల పక్కన కూర్చుని జవాబు చెప్పండి.