తప్పటడుగుల నాళ్లలో తల్లి సాధన

ప్రాతఃకాలమున స్నానముచేసి, దీపము వెలిగించి, నూటయెనిమిది మారులు ఇష్టమంత్రమును జపించుట అలవాటుగాగల గృహిణికి బిడ్డ కలిగినది. బిడ్డ ఉయ్యాలలో నుండినంతకాలము జపము ఏదోవిధముగా సాగుచునే యుండెను. బిడ్డ దోగాడ మొదలిడిన పిదప కష్టము మొదలైనది. ఏడాది నిండి తప్పటడుగులు పడినంతనే నియమము పూర్తిగా చెదరిపోయినది. దీపము వెలిగించిన దీపమును పట్టుకొనబోవును. కన్నులు మూసికొనిన కనురెప్పలను వ్రేళ్లతో తెరచిచూచును. పూజకు పెట్టిన పూలు నోటిలో నుండును. "నా సాధన యంతయు పోయినది, ఇక బిడ్డ పెరిగి పెద్దవాడైన తరువాతనే" యని ఆ తల్లి నిట్టూర్చును. ఇట్టి నిట్టూర్పు వినబడని యిల్లు అరుదు. ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. భగవంతుని యందు నిజముగా మక్కువ గలవారికే యీ వేదన కలుగును.

ఆమె ప్రశ్నకు సమాధానము వెదకుటకు శ్రీమద్భాగవత దశమస్కంధమును మించిన గ్రంథము లేదు. అందు 7వ అధ్యాయము మొదలు 11వ అధ్యాయము వరకు గల భాగమును సామాన్యముగా రాక్షసవధల కొరకును, మహిమల కొరకును చదువుదురు. పసిబిడ్డ గల యింటి దినచర్యగా దానిని చదువువారు తక్కువ. అట్లు చదివినచో వ్యాసభగవానుడు ఎంత సన్నిహితముగా పసివారిని పరిశీలించెనో తెలియును.

శకటాసుర వృత్తాంతము ఒక చిన్న వేడుకతో ప్రారంభమగును. బాలకృష్ణుడు ప్రక్కకు ఒత్తిగిలు దశకు వచ్చినాడు. ఆ దినమున జన్మనక్షత్రము కూడ కలిసి వచ్చుటచే యశోద బంధువులను పిలిచి, విప్రులచే ఆశీర్వచనములు చేయించి, వచ్చినవారికి మర్యాదలు చేయుటలో మునిగియున్నది. బిడ్డ పాలకై ఏడ్చుచున్నను ఆమెకు వినబడలేదు. బిడ్డ వేడుక యనియే యిల్లంతయు సందడి. ఆ సందడిలో బిడ్డ యేడ్పు వినువారు లేరు! పుట్టినరోజు వేడుకలు జరుగు యిండ్లలో నేటికిని ఇదియే కనబడుచున్నది. బోర్లపడిన బొబ్బట్లు, అడుగులు వేసిన అరిసెలు, పలుకులు వచ్చిన పంచదార చిలుకలు పంచిపెట్టు తెలుగువారి ఆచారము చక్కనిదే. పసివాని ఎదుగుదలను ఇరుగుపొరుగువారితో కలిసి పండుగ చేసికొనుటయందు ఆనందమున్నది. కాని ఆ ఆచారము పోలికలకు తావీయకూడదు. "ఎదురింటి పాప పదవ నెలలోనే నడచినది, మావాడికి ఇంకను కాళ్లు రాలేదు" అను మాట తల్లి మనస్సును తొలుచును. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు భారతదేశముతో కూడ 5 దేశముల శిశువులను పరిశీలించి 2006లో ప్రకటించిన కొలతలను బట్టి చూడగా, ఆరోగ్యవంతులగు శిశువులు ఆధారము లేక కూర్చుండుట సుమారు 4వ నెల మొదలు 9వ నెల వరకును, స్వయముగా నడచుట 8వ నెల మొదలు 17½ నెలల వరకును ఎప్పుడైనను జరుగవచ్చును. నూటికి నలుగురు పిల్లలు చేతులు మోకాళ్లు ఆనించి ప్రాకకయే నడక నేర్చుకొనిరి. కావున రెండుమూడు నెలల ఆలస్యమునకు దిగులు పడనక్కరలేదు. 18 నెలలు నిండినను నడువని బిడ్డను మాత్రము వైద్యునికి చూపవలెను. మ్రొక్కులతో కాలము గడుపరాదు.

8వ అధ్యాయములో రామకృష్ణులు వ్రేపల్లె బురదలో దోగాడుదురు. కాలి మువ్వల సవ్వడి వారికే ముచ్చట గొలుపును. దారిని పోవు వారెవరినో చూచి వారి వెంట కొంతదూరము పోవుదురు. అంతలోనే బెదరినవారివలె వెనుదిరిగి తల్లుల చెంతకు వచ్చి చేరుదురు. ఏడాది బిడ్డను పెంచిన ప్రతి తల్లియు ఈ చిత్రమును చూచియే యుండును. ముందునకు పోవలెనను ఉబలాటము ఒకవైపు, తల్లి కనబడునో లేదో యను బెదురు మరియొకవైపు. వెనుకకు తిరిగి చూచినపుడు తల్లి అచటనే యున్నచో మరునాడు ఇంకొంత దూరము పోవును. బిడ్డకు ధైర్యము కలుగుట యిట్లు. వెనుకకు వచ్చిన బురద బిడ్డలను తల్లులు ఏమి చేసిరి? ఒంటినున్న బురదయే అలంకారమైనట్లు తోచగా, అట్లే యెత్తుకొని పాలిచ్చి, నవ్వు మొగములో అప్పుడప్పుడే మొలచుచున్న చిన్నపండ్లను చూచి మురిసిరి. ముందు స్నానము, తరువాత ముద్దు అని వారు అనలేదు. ఆ పిదప స్వల్పకాలములోనే మోకాళ్లు నేలకు రాయకుండ బాలురు నడువసాగిరని వ్యాసుడు చెప్పినాడు.

ఆ నడకతో తల్లికి ఒక కొత్త పాఠము మొదలగును. బిడ్డ వేయు ప్రతి అడుగును తల్లి ఒడి నుండి దూరముగా వేయు అడుగే. వాత్సల్యమునందు ఇంత మాధుర్యమును, ఇంత పరీక్షయు కలదు. పడనీయక యెల్లప్పుడు చంకనెత్తుకొని తిరుగు తల్లికి బిడ్డ మీది ప్రేమ కంటె తన భయము మీద మమకారము ఎక్కువ యగును. నూతిగట్టు, పొయ్యి, మెట్లు, వేడినీరు వీనియొద్ద కాపుండుట ధర్మము. చదునైన వసారాలో నాలుగుమారులు కూలబడి లేచుటకు అడ్డుపడుట ధర్మము కాదు.

రెండవ యేట మరియొక ఘట్టము వచ్చును. అంతవరకు తన్ను తాను ఊరివారు పిలుచునట్లు పేరుతో చెప్పుకొనుచుండిన బిడ్డ "నేను" అనును. దానివెంటనే "నాది" అనును. అద్దములో నున్నది తానేయని తెలిసికొనుట కూడ సుమారు ఒకటిన్నర, రెండేండ్ల నడుమనే జరుగును. అహంకారము జనించుట కన్నుల యెదుట చూడవలెనన్నచో ఇంతకంటె మంచి తావు లేదు. కాని ఆ "నాది" యను మాటకు బరువు లేదని శ్రీరామకృష్ణ పరమహంసదేవులు తరచుగా వర్ణించెడివారు. ఈ బట్ట మా నాయన యిచ్చినాడు, ఎవరికిని ఈయనని బిడ్డ బిగించి పట్టుకొనును. ఒక చిన్న బొమ్మను చేతికిచ్చినచో ఆ విలువగల బట్టను విడిచి వెడలిపోవును. ఎంతో శ్రద్ధతో బొమ్మరిల్లు కట్టును. అమ్మ జ్ఞప్తికి వచ్చినంతనే దానిని వదలి పరుగెత్తును. బిడ్డ యందు తేలికగా నున్న ఆ "నాది"ని గట్టిపరచువారు పెద్దలే. "అమ్మ నీదా, నాదా?" యని యేడిపించి నవ్వుకొనుట, "నీ బొమ్మను వానికీయకుము" అని నేర్పుట వినోదముగా జరుగుచుండును. ఇరువదియేండ్ల తరువాత ఆస్తి పంపకములలో ఆ వినోదము ఫలించును.

ఇక దామోదర లీల. కార్తికమాసములో దీనిని వినని వైష్ణవ గృహముండదు. ఒకనాడు దాసీజనము వేరుపనులలో నుండగా యశోద తానే పెరుగు చిలుకుచు, బిడ్డ చేష్టలను పాడుకొనుచున్నది. పాలకు వచ్చిన బిడ్డ కవ్వమును పట్టుకొని పని ఆపినాడు. ఆమె ఒడిలోనికి తీసికొని, నవ్వు మొగమును చూచుచు పాలిచ్చుచున్నది. (చందమామను గూడ చూపక, సెల్‌ఫోను ఎదుట నిలిపి ముద్దలు మ్రింగించు ఈ కాలములో ఆ "మొగమును చూచుచు" అను మాట యొద్ద కొంచెము ఆగవలసియున్నది.) అంతలో పొయ్యిమీది పాలు పొంగినవి. తృప్తిదీరని బిడ్డను దింపి ఆమె పరుగెత్తినది. బిడ్డ పెదవి అదురుచుండగా కోపముతో రాతితో పెరుగుకుండను పగులగొట్టి, లోపలికి పోయి వెన్న తినసాగినాడు. తిరిగివచ్చి పగిలిన కుండను చూచి యశోద మొదట నవ్వినది. రోలు బోరగిలవేసి దానిపై నిలిచి కోతికి వెన్న పెట్టుచున్న కొడుకు కంటబడగా కఱ్ఱ చేతబట్టి మెల్లగా వచ్చినది. వాడు పరుగు తీసినాడు. ఆమె జడలోని పూలు రాలుచుండగా వెంబడించి పట్టుకొన్నది. బిడ్డ కాటుక కన్నులు నులుముకొనుచు ఏడ్చుచున్నాడు.

ఇచట వ్యాసుడు ఒక చిన్న సంగతి చెప్పినాడు. బిడ్డ భయపడినాడని గ్రహించి యశోద కఱ్ఱను పారవేసినది. భయము పుట్టిన చోట శిక్షకు పనిలేదని ఆమెకు ఎవరును బోధించలేదు. అయినను ఆమె బిడ్డను ఊరక విడిచిపెట్టలేదు, కట్టబోయినది. త్రాడు రెండంగుళములు తక్కువైనది. మరియొక త్రాడు ముడివేసిన, అదియు రెండంగుళములే తక్కువ. ఇంటిలోని త్రాళ్లన్నియు అయిపోయినవి. గోపికలు నవ్వుచున్నారు. యశోదకు చెమటలు పట్టినవి, కొప్పు వీడినది. తల్లి పడిన శ్రమను చూచి, కృపతో కృష్ణుడు తానే కట్టువడినాడు. ఆ రెండంగుళములలో ఒకటి భక్తుని ప్రయత్నము, రెండవది భగవంతుని కృప యని వ్యాఖ్యాతలు వివరించిరి. బ్రహ్మకుగాని, శివునికిగాని, వక్షఃస్థలమున నుండు లక్ష్మికిగాని లభింపని ప్రసాదము ఈ గోపికకు లభించెనని శుకమహర్షి పరీక్షిత్తునకు చెప్పినాడు.

ఆ ప్రసాదము ఆమెకు ఏ పూజామందిరమునందు లభించినది? పాలు పొంగి, కుండ పగిలి, కోతి వెన్న తినిపోయిన ఆ యుదయమున, అలసి చెమటోడ్చుచున్నపుడు లభించినది. ఆమె కోపగించుకొనలేదని శుకుడు చెప్పలేదు, అలసిపోలేదనియు చెప్పలేదు. కావున అలసటయు, అప్పుడప్పుడు వచ్చు కోపమును సాధనకు భంగమని తల్లులు క్రుంగనక్కరలేదు. (పని యంతయు ముగిసి, మద్దిచెట్లు కూలిన తరువాత నందుడు వచ్చి, రోటిని ఈడ్చుచున్న కొడుకును చూచి నవ్వుచు కట్లు విప్పినాడు. చివర వచ్చి నవ్వుచు కట్లు విప్పుట తండ్రులకు సులభమైన పని. ఉదయముననే వచ్చి పాలకుండ దింపియుండినచో యశోదకు కొంత శ్రమ తప్పియుండును.)

ఈ భాగవత బోధనే శ్రీరామకృష్ణులు దక్షిణేశ్వరమున కార్యరూపమున చూపిరి. మణిమోహన మల్లికు బంధువైన ఒక స్త్రీ, ధ్యానమునకు కూర్చుండిన మనస్సు నిలువకున్నదని ఆయనతో మొరపెట్టుకొనినది. ఆ సమయమున ఎవరి ముఖము జ్ఞప్తికి వచ్చుచున్నదని ఆయన అడిగినారు. తాను పెంచుచున్న తమ్ముని చిన్నకొడుకు ముఖమని ఆమె చెప్పినది. ఆ బిడ్డను విడువుమని ఆయన చెప్పలేదు. వానిని గోపాలుడని భావించి, గోపాలునికే అన్నము పెట్టుచున్నట్లు, గోపాలునికే బట్ట కట్టుచున్నట్లు చేయుమని చెప్పినారు. కొలదికాలములోనే ఆమె మనస్సు లోతైన ధ్యానమును పొందినది.

కామార్హాటిలో గంగాతీరమున నుండిన అఘోరమణీదేవి కథ యింకను విచిత్రము. బాల్యవితంతువైన ఆమె గోపాలమంత్రమును సుమారు 30 సంవత్సరములు జపించినది. 1884లో తొలిసారి శ్రీరామకృష్ణులను దర్శించినది. తరువాత కొన్ని నెలలకు ఒక తెల్లవారుజామున జపము ముగించు సమయమున పదినెలల గోపాలుడు ఆమె యెదుట దోగాడుచు వచ్చి, చేయిచాచి తినుటకు అడిగినాడు. పేదరాలైన ఆమె ఉట్టిమీది ఎండు కొబ్బరియుండను తీసి చేతిలో పెట్టినది. ఇక ఆనాడు జపము సాగలేదు. గోపాలుడు ఒడిలో కూర్చుండి జపమాలను లాగుకొనును, భుజములపై కెక్కును, గదియంతయు తిరుగును! తెల్లవారగనే ఆమె వానిని ఎత్తుకొని దక్షిణేశ్వరమునకు నడచినది. నాటి నుండి ఆమె "గోపాలుని అమ్మ"గా ప్రసిద్ధురాలైనది. ఆమెకు ఇక అంత జపము అక్కరలేదని గురుదేవులు చెప్పినారు.

ముప్పదియేండ్ల జపఫలముగా వచ్చినవాడు చేసిన మొదటి పని జపమాలను లాగుకొనుట! దీనినిబట్టి బిడ్డ గల ప్రతి స్త్రీయు జపమాలను చిలుకకొయ్యకు తగిలించవచ్చునని తలచుట పొరపాటు. అఘోరమణి వెనుక ముప్పది సంవత్సరముల నియమమున్నది. సామాన్య గృహిణికి బిడ్డ నిదురించినపుడు దొరకు పదినిమిషములు అమూల్యము. ఆ పదినిమిషములు జపించినచో, మిగిలిన పదునాలుగు గంటలలో ముద్ద కలుపునపుడు, ముక్కు తుడుచునపుడు, పదియవ మారు చెప్పులు తొడుగునపుడు గోపాలభావము నిలుచుటకు బలము కలుగును. నియమము కొంచెమైనను లేనిచో "బిడ్డయే దేవుడు" అను మాట నోటిమాటగనే మిగులును. మధ్యాహ్నము రెండుగంటలకు బిడ్డ నిదురపోక మారాము చేసినపుడు దాని బలమెంతయో తెలిసిపోవును.

11వ అధ్యాయములో బిడ్డ యింకొంచెము ఎదిగినాడు. ఇపుడు పని చెప్పిన చేయవలెనను వేడుక పుట్టినది. గోపికలు పీట తెమ్మందురు, కుంచము తెమ్మందురు, పావుకోళ్లు తెమ్మందురు. ఎత్తలేనివానివలె నిలిచి, చేతులు ఆడించుచు తనవారిని సంతోషపెట్టును. ఒకటిన్నర యేడు దాటిన బిడ్డ గల యింట ఇది నిత్యము జరుగునదే. చీపురు పట్టుకొని యూడ్చిన చెత్తను మరల చిమ్మును. మడిచిన బట్టను తెచ్చియిచ్చునపుడు మడత విడిపోవును. పని చెడును, ఆలస్యమగును. అయినను ఆ పీట తెమ్మని చెప్పవలసినది అప్పుడే. "నీవు అడ్డము తొలగుము" అని పదిమారులు విన్న బిడ్డ, పదియేండ్లు వచ్చిన తరువాత పిలిచినను పనికి రాడు.

ఒకనాడు వీథిలో పండ్లమ్మునామె కేక వినబడినది. పండ్లు కావలెనన్నచో ధాన్యము ఇచ్చి కొనవలెనని పెద్దలను చూచి బిడ్డ నేర్చుకొన్నాడు. లోపలికి పోయి రెండు దోసిళ్లు నింపుకొని పరుగెత్తినాడు. చిన్నచేతులు, వ్రేళ్ల సందులనుండి గింజలు దారిపొడుగునను రాలిపోయినవి. ఆమె యొద్దకు చేరునప్పటికి దోసిలిలో మిగిలినది బహుస్వల్పము. ఆమె కొలత చూడలేదు. ఆ రెండు చేతులును నిండునట్లు పండ్లు పోసినది. ఆమె బుట్ట రత్నములతో నిండినది.