బొంత, ఊలు, జొన్నరొట్టె: ఒక చలికాలపు పాఠం



కడప జిల్లా అంటే అందరికీ ఎండలే గుర్తుకొస్తాయి. కానీ మార్గశిరం, పుష్యమాసాల్లో తెల్లవారుజామున స్టడీకి లేచే మనకు చలి సంగతి కూడా తెలుసు. అందుకే ఈసారి చలి గురించి రాస్తున్నాను. ఇందులో సగం పుస్తకంలో చదివింది, సగం ఇంటి దగ్గర చూసింది.

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను ఆరో తరగతిలో హాస్టలుకు వచ్చేటప్పుడు మా యాడి (మా తండాలో అమ్మను యాడి అంటాం) నాకు ఒక బొంత కుట్టి ఇచ్చింది. పెట్టె విప్పగానే ఒకడు "ఏందిరా, పాత గుడ్డల మూట తెచ్చినావు?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినట్టు చేసి, బొంతను పెట్టె అడుగున పెట్టేసినాను. ఆ చలికాలమంతా ఒక్క దుప్పటితో ముడుచుకొని పడుకున్నాను. సెలవులకు పోయినప్పుడు యాడి "బొంత కప్పుకుంటున్నావా బేటా?" అని అడిగింది. "ఆ" అని అబద్ధం చెప్పినాను.

మా తండా పులివెందుల వైపు ఉంది. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక పొద్దున యాడి వాకిట్లో ఎండకు కూర్చొని కొత్త బొంత కుడుతోంది. అక్క ప్రొద్దుటూరు బజారులో కొన్న ఊలుతో తమ్ముడికి స్వెట్టర్ అల్లుతోంది. పొయ్యి మీద పెనం ఉంది. జొన్నలు జమ్మలమడుగు నల్లరేగడి చేలవి, శెనక్కాయలు మా ఎర్రనేలవి. అక్కడ కూర్చొని చూస్తుంటే, బడిలో చదివిన ఉష్ణం పాఠం మొత్తం మా వాకిట్లోనే ఉందనిపించింది.

బొంతలో ఏముంది?

బొంత వేడిని పుట్టించదు. వేడి మన ఒంట్లోనే పుడుతుంది. ఒంటి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. ఊరికే కూర్చున్న పెద్దమనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది, అంటే ఒక పాత గుండు బల్బు అంత! ఆ వేడిని పోనీయకుండా ఆపడమే బొంత పని.

యాడి నాలుగైదు పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, వరసగా కుట్లు వేస్తుంది. పొరకూ పొరకూ మధ్య కొంచెం గాలి చిక్కుకుంటుంది. కదలని గాలి వేడిని చాలా నిదానంగా పోనిస్తుంది. గాలికి ఎక్కువ చోటిస్తే అది తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది. అందుకే కుట్లు దగ్గర దగ్గరగా వేసి, పొరలు జారకుండా కడతారు. ఒక్క మందపాటి దుప్పటి కంటే రెండు మూడు పల్చటివి కలిపి కప్పుకుంటే చలి ఆగేది కూడా ఇందుకే.

బొంత తడిస్తే మాత్రం పనికిరాదు. నీరు గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువగా వేడిని లాగుతుంది. కాబట్టి పక్కబట్టలు ఎండలో వేయమని వార్డెన్ సారు అరిస్తే విసుక్కోవద్దు.

ఊలులో ఏముంది?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మగ్గాల మీద నేసే బట్టకు పడుగు, పేక అని రెండు వరసల నూళ్లు ఉంటాయి. అవి ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి. స్వెట్టర్ అట్లా కాదు. ఒకటే దారం, రెండు సూదులు. పాత వరసలోని ఉచ్చులో నుంచి కొత్త ఉచ్చు లాగాలి. ఉచ్చులు కాబట్టే స్వెట్టర్ సాగుతుంది, మళ్లీ మామూలుగా అవుతుంది. ఆ ఉచ్చుల్లో, పీచుల్లో గాలి నిలుస్తుంది.

నేనూ ఒక వరస అల్లబోయి ఒక ఉచ్చు జార్చినాను. అది కింద నాలుగు వరసల దాకా జారిపోయింది. అక్క నవ్వి, సూదితో ఒక్కొక్కటే ఎక్కించి సరిచేసింది.

గొర్రె బొచ్చు ఊలు తన బరువులో సుమారు 30 శాతం దాకా చెమ్మ పీల్చుకున్నా తడిగా అనిపించదు. అంగళ్లలో ఊలు అని అమ్మేదాంట్లో చాలావరకు అక్రిలిక్. దానికి ఈ గుణం లేదు, గాలిని మాత్రం అదీ పట్టుకుంటుంది.

రొట్టెలో ఏముంది?

గోధుమపిండిని సాగదీసేది గ్లూటెన్ అనే మాంసకృత్తు. జొన్నలో అది లేదు. చన్నీళ్లతో కలిపితే రొట్టె తట్టేటప్పుడే పగులుతుంది. అందుకే యాడి మసిలే నీళ్లు పోస్తుంది. వేడినీళ్లకు పిండిపదార్థం ఉబ్బి జిగురవుతుంది, రొట్టె నిలుస్తుంది. పెనం మీద లోపలి తడి ఆవిరై రొట్టెను పొంగిస్తుంది. ఈ జొన్నలాంటి చిరుధాన్యాల కోసమే ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ సంవత్సరంగా జరిపింది.

రొట్టెలోకి శెనక్కాయల ఊరుబిండి. శెనగవిత్తనాల్లో దాదాపు సగం నూనే. ఒక గ్రాము పిండిపదార్థం 4 కిలో క్యాలరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. అంటే ఒంటికి వేడినిచ్చేది తిండి, ఆ వేడిని దాచేది బొంత. రెండూ యాడి చేతివే.

ఒక హెచ్చరిక: చలి అని బొగ్గుల కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసి పడుకోకూడదు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చేసి చూడండి

వంట అన్నను అడిగి మూడు గ్లాసుల్లో సమానంగా వేడినీళ్లు పోయించుకోండి. ఒకటి ఊరికే ఉంచండి. ఒకదానికి పొడిగుడ్డ నాలుగు మడతలు చుట్టండి. మూడోదానికి తడిగుడ్డ చుట్టండి. అరగంట తర్వాత ఏది వెచ్చగా ఉంది? ఎందుకు?

ఇంకో ప్రశ్న: పక్షులు చలికి ఈకలు ఉబ్బించుకుంటాయి. ఎందుకు? జవాబులు రాసి గోడపత్రిక కింద అంటించండి.

చివరగా ఒక మాట. మన పక్క రాష్ట్రం కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ మా యాడిలాంటి ఆడవాళ్ల చేతి పనే. నేను బొంతను పెట్టె అడుగు నుంచి తీసి, ఎండలో వేసి, ఇప్పుడు రోజూ కప్పుకుంటున్నాను. అప్పుడు నవ్వినవాడు నా పక్క మంచమే. రాత్రిళ్లు ఒక అంచు లాక్కుంటున్నాడు, నేనూ ఇస్తున్నాను. ఈసారి యాడి అడిగితే "ఆ" అనే చెప్తాను. కానీ అది నిజం.