పెరటి ట్రాంపొలిన్‌కు గాలి భయము

ప్రశ్న: శృంగవరపుకోటలో మా పెరటియందు పిల్లల కొరకు ట్రాంపొలిన్ పెట్టించితిమి. పెనుగాలికి ఎగిరిపోకుండ ఏమి చేయవలెను?

జవాబు: మీ భయము నిరాధారము కాదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము కడ తీరము దాటిన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచి, మహావృక్షములనే కూల్చినది గదా! వాయువేగము రెట్టింపైనచో దాని ఒత్తిడి నాలుగింతలగును. గుడ్డ క్రింద దూరిన గాలి దానిని పైకెత్తుచుండగా, చుట్టునున్న రక్షణవల తెరచాపయై చట్రమును పొరుగింటి గోడపైకి ఈడ్చుకొనిపోవును.

వేసవి ఈదురుగాలులకైనచో, మరచుట్లుగల ఇనుపమేకులను ప్రతి కాలి కడను లోతుగా దింపి చట్రమునకు బిగించిన చాలును. నిలువు మేకులు వానకు నానిన నేలలో పట్టుదప్పును. ఇసుకబస్తాలను కాళ్లపై వేయవలెనే గాని గుడ్డపై వేయరాదు. కొబ్బరిచెట్టుకు కట్టుట మరింత ప్రమాదకరము. చెట్టు కూలినచో రెండును పోవును.

తుపాను హెచ్చరిక వెలువడినప్పుడు మాత్రము మేకులను నమ్మవలదు. తుపాను కేంద్రము మీ మీదుగా సాగినచో, నడుమ కొంతసేపు గాలి స్తంభించి, పిదప వ్యతిరేకదిశనుండి విజృంభించును. కావున ముందుగా వలను, తరువాత ఎదురెదురు స్ప్రింగులను జతజతగా విప్పి, గుడ్డను ఇంటిలో భద్రపరచుడు. ఈ పని గాలి ముదరకముందే, పగటివేళ ముగించుడు.