సైరను: ధ్వని, సంకేతం

గాలిప్రవాహాన్ని నిర్ణీత వ్యవధులలో ఆపుతూ, వదలుతూ ధ్వనిని పుట్టించే సాధనం సైరను. 18వ శతాబ్దం చివర స్కాట్లండు శాస్త్రజ్ఞుడు జాన్ రాబిసన్ దీని తొలి రూపాన్ని నిర్మించాడు. 1819లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కానియార్ ద లా తూర్ దానిని మెరుగుపరచాడు. అది నీటిలో సైతం మ్రోగగలదు గనుక, గ్రీకు పురాణాలలోని సముద్ర గాయనుల పేరు దానికి పెట్టాడు. ఆనాడు అది హెచ్చరిక సాధనం కాదు. ధ్వని పౌనఃపున్యాన్ని కొలిచే ప్రయోగశాల పరికరం.

యాంత్రిక సైరనులో ముఖ్యభాగాలు రెండు: తిరిగే చక్రం, దానిని చుట్టి ఉండే కదలని తొడుగు. రెండింటికీ సమాన దూరాలలో రంధ్రాలు ఉంటాయి. మోటారు త్రిప్పగా చక్రపు రెక్కలు మధ్యభాగం నుండి గాలిని పీల్చి అంచువైపు నెట్టుతాయి. రంధ్రాలు ఎదురెదురుగా వచ్చినపుడు గాలి వెలికి దూకుతుంది, తప్పుకొన్నపుడు ఆగుతుంది. ఈ తెంపుల పరంపరయే మనకు ధ్వనిగా వినబడుతుంది. ఒక్కొక్క దానికి 12 రంధ్రాలు ఉండి, చక్రం సెకనుకు 35 మార్లు తిరిగితే పౌనఃపున్యం 12 × 35 = 420 హెర్ట్జులు. వేగం హెచ్చిన కొద్దీ స్థాయి హెచ్చుతుంది. మోటారు ఆగగానే క్రమంగా దిగుతుంది. సైరను కూతలోని ఆరోహణ, అవరోహణలకు కారణమిదే.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటను ఈ లక్షణాన్నే ఒక భాషగా మలచుకొన్నది. హెచ్చుతగ్గుల కూత విమానదాడికి హెచ్చరిక. ఒకే స్థాయిలో సాగే కూత అపాయం తొలగిందనుటకు సూచన.

అయితే అర్థం తెలియని సంకేతం ప్రాణాలను కాపాడలేదు. 1960 మే 22 రాత్రి దాదాపు 8.30 గంటలకు హవాయిలోని హిలో పట్టణంలో సునామీ సైరను మ్రోగింది. పెద్ద అల వచ్చింది రాత్రి 1 గంట దాటిన తరువాత. తప్పించుకొనుటకు వ్యవధి చాలా ఉన్నది. కాని సంకేత విధానం అంతకు కొంతకాలం ముందే మారినందున పలువురు దాని భావాన్ని గ్రహించలేక అక్కడనే ఉండిపోయారు. 61 మంది మరణించారు.

మ్రోగని సైరను వలన కలిగే నష్టమూ తక్కువ కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక రసాయన కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి పరిసర గ్రామాలను కమ్మినపుడు, సైరను ఏర్పాటు ఉండియు దానిని మ్రోగించలేదని ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది.

రంజాను మాసంలో హైదరాబాదు వీధులలో ఇఫ్తారు సైరను వినబడగానే ఏమి చేయాలో పసివారికి సైతం తెలుసు. అది ప్రతి ఇంటా అలవాటైన సంకేతం. అపాయ సూచన కూడా ప్రజలకు అంత సుపరిచితం కావాలి. తమ ఊరిలో, కర్మాగారాల చెంత మ్రోగే కూతల అర్థాన్ని ముందుగా తెలుసుకొని ఇరుగుపొరుగు వారికి తెలియజెప్పుట చదువుకొన్నవారి బాధ్యత.