దొరకని తీగ వెంట



కాస్మిక్ స్ట్రింగ్స్ మీద పీహెచ్‌డీ చేయాలనుందనీ, ఇంతవరకు ఒక్కటీ కనిపించని వస్తువు కోసం ఏళ్లు ధారపోయవచ్చా అనీ అడిగావు. పోయవచ్చు. ముందు దాని కథ విను.

1976లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో టామ్ కిబుల్ ఈ ఊహకు రూపమిచ్చారు. ఆయన పుట్టింది మన మద్రాసులోనే. తొలి క్షణాల్లో విశ్వం చల్లబడుతూ ఒక దశ నుంచి మరో దశకు మారింది. కాంతిని మించి ఏ కబురూ పోలేదు కాబట్టి దూరదూరపు ప్రాంతాలు దేని దిశ అది ఎంచుకున్నాయి. ఎంత దువ్వినా అణగని నెత్తి సుడిలా, వాటి మధ్య సర్దుకోని గీతలు మిగిలి ఉండాలి. అవే కాస్మిక్ స్ట్రింగ్స్, అంటే విశ్వపు తీగలు. పాత దశ శక్తి వాటిలోనే చిక్కుబడిపోతుంది. మహా ఏకీకరణ సిద్ధాంతాల లెక్కన, ప్రోటాన్ కన్నా ఎంతో సన్నని ఈ తీగ నాలుగైదు కిలోమీటర్లుంటే భూమంత బరువు తూగుతుంది.

అంత బరువుంటే గెలాక్సీలకు విత్తనాలు ఇవే కావచ్చని 1980ల మొదట్లో జెల్డోవిచ్, విలెంకిన్ ప్రతిపాదించారు. కానీ ఆదిమ కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం ఆ విత్తనాల్లో తీగల వాటాను కొద్ది శాతానికి కుదించేసింది.

నాకు బాగా నచ్చిన ఘట్టం సీఎస్ఎల్-1. 2003లో సజిన్ అనే శాస్త్రజ్ఞుడి బృందం, నేపుల్స్ ఖగోళ శాస్త్రజ్ఞులతో కలిసి, రెండు సెకన్ల కోణం దూరంలో అచ్చం ఒకేలా ఉన్న రెండు గెలాక్సీ బొమ్మల్ని గుర్తించింది. మామూలు గురుత్వ కటకం బొమ్మను వంచి సాగదీస్తుంది. తీగ అయితే చెక్కుచెదరని నకలు ఇస్తుంది. ఇక్కడ వంపు లేదు! 2006లో హబుల్ మరింత స్పష్టంగా చూస్తే అవి పక్కపక్కనున్న వేర్వేరు గెలాక్సీలని తేలింది. ఆ బృందమే ఆ సంగతి పత్రంగా ప్రచురించింది. నువ్వు ఎవరి దగ్గర చేరినా, ఇలాంటి నిజాయితీ ఉన్నవారి దగ్గరే చేరు.

కిబుల్ ఊహ వృథా పోలేదు. 1985లో జురెక్ సూచించినట్టే, 1996లో గ్రెనోబుల్, హెల్సింకీ ప్రయోగశాలల్లో ద్రవ హీలియం-3లో అలాంటి సుడిగీతలు పుట్టాయి.

ఇప్పటి వేట గడియారాల్లా క్రమం తప్పక స్పందించే పల్సార్ నక్షత్రాలలో. 2023 జూన్‌లో వాటి ద్వారా బయటపడ్డ గురుత్వ తరంగాల హోరుకు జంట బ్లాక్‌హోల్సే కారణమని ఎక్కువమంది నమ్ముతున్నా, తీగల ఉచ్చులూ పోటీలో ఉన్నాయి. ఆ పనిలో పుణె దగ్గరి జీఎంఆర్‌టీ ఉంది, ఐఐటీ హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. అందుకే సిద్ధాంతంతో ఆగకు, గణాంకశాస్త్రం గట్టిగా నేర్చుకో. ఇదే వేటలో ఉన్న నానోగ్రావ్ బృందం పదిహేనేళ్ల డేటా ఉచితంగా దొరుకుతుంది. ఈ సెలవుల్లో దింపుకుని, ఒక్క పల్సార్ తీసుకుని దాని సొంత రొదను విడదీసి చూడు. ఆ పని నీకు విసుగు పుట్టించకపోతే దరఖాస్తు పెట్టు.

నీ మావయ్య